ఆట లేని వారంలో తీతువు పిట్ట

అనగనగా, ఎండ చుక్కలు చుక్కలుగా మాత్రమే నేలకు దిగే ఒక అడవిలో, జంతువులన్నీ బంతాట ఆడుకునేవి. మీరు బడి వెనక ఆడుకునే ఫుట్‌బాల్ లాంటిదే, నాన్నా. ఎండిన తీగలతో బంతి అల్లి, లోపల బూరుగు దూది కూరేవారు. జట్టుకొక పచ్చికబయలు. దానికి రెండు చివర్లా రెండేసి మద్దిచెట్లు ఉండేవి. ఆ చెట్ల మధ్య సందుకు వాకిలి అని పేరు. ఎదుటివాళ్ళ వాకిట్లోకి బంతిని తన్నితే ఒక పాయింటు. వాకిట్లో నిలబడి బంతిని ఆపేవాడు కాపరి.

వానలు వెనకపట్టినప్పటి నుంచి ఇప్పపూలు రాలేదాకా వారానికో ఆట. జట్లు బేసి లెక్క, జతలకు సరిపోయేవి కావు. ప్రతి వారం ఏదో ఒక జట్టు మిగిలిపోయేది. మిగిలిన జట్టుకు ఆ వారం ఆట లేదు. జట్టులో ఎవరినైనా తీసేయాలన్నా, కొత్తవాళ్ళను పెట్టాలన్నా ఆ ఆట లేని వారంలోనే తేల్చుకోవాలి. ఆ మాట చెప్పేది జట్టు అభిమానులు. అది ఆ అడవి కట్టుబాటు.

వాగొడ్డు జట్టుకు ఒక అభిమాని ఉండేది. ఆమె తీతువు పిట్ట. పేరు తీతమ్మ.

పాపం, తీతమ్మ గొంతు చాలా పెద్దది. తీతువు కూసిందంటే ఏదో కీడు వస్తుందని అడవిలో అందరికీ భయం. పెళ్ళికి వెళితే, "కాస్త అవతల కూర్చో తల్లీ" అనేవారు. పసిపిల్లలున్న చోటికి వెళితే తలుపుకు ఆకులు అడ్డం పెట్టేవారు. ఒక్క బంతాట దగ్గరే ఆ గొంతుకు మర్యాద దొరికింది. ఒక ఏడాది ఆఖరి ఆటలో వాగొడ్డు జట్టు నీరసపడి ఆడుతుంటే, తీతమ్మ ఉండబట్టలేక గట్టిగా ఒక కూత పెట్టింది. అంతే! జట్టు మొత్తం ఉలిక్కిపడి పరుగు అందుకుంది. అభిమానులకు పెద్ద అయిన కొండముచ్చు మద్దిలేటి చప్పట్లు కొట్టాడు.

"ఏం గొంతమ్మా నీది! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు? వచ్చే ఏడు నుంచి మన వాకిలి వెనక ఉన్న ఆ నల్లరాయి నీది. నువ్వు కూత పెట్టు, మేమంతా అందుకుంటాం" అన్నాడు.

ఆ రోజు తీతమ్మ ఆనందం చెప్పలేం. నల్లరాయి ఎక్కగానే ముందు సూర్యుడికి దండం పెట్టుకునేది. తర్వాత గొంతు విప్పేది. ఆమె వెనక మద్దిలేటి బోలు మొద్దు మీద దరువు వేసేవాడు. ఏదుపంది సుంకులమ్మ ముళ్ళు గలగలలాడించేది. మిగిలినవాళ్ళంతా "హోయ్! హోయ్!" అని అరిచేవారు. సొంత బయల్లో ఆడే జట్టు ఎప్పుడూ ఆ నల్లరాయి ఉన్న వైపు వాకిలినే కాచుకునేది. కాబట్టి ఆ హోరంతా తమ కాపరి వీపు వెనకే.

ఆ కాపరి ఎలుగుబంటి. పేరు ఓబన్న.

మరుసటి ఏడు మొదటి ఆట వాగు అవతల జరిగింది. వాగు ఇంకా పొంగుతూనే ఉంది. జట్టువాళ్ళు ఎలాగో దాటి వెళ్ళారు గానీ అభిమానులు ఒక్కరూ పోలేకపోయారు. ఆ ఆట గెలిచారు. తర్వాత మూడు ఆటలూ సొంత బయల్లోనే. మూడూ ఓడిపోయారు. ఒక ఆటలో బంతి ఎడమకు వస్తే ఓబన్న కుడికి దూకాడు. ఇంకో ఆటలో బంతి కాళ్ళ మధ్య నుంచి దూరిపోయింది. మూడో ఆటలో అయితే, బంతి వాకిట్లో పడి ఆగిపోయాక కూడా ఓబన్న చేతులు చాచుకుని ముందుకు చూస్తూనే ఉన్నాడు. ఎదుటి జట్టువాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ వెంటనే ఆట లేని వారం వచ్చింది.

అభిమానులంతా నల్లరాయి చుట్టూ చేరారు. బయలు ఖాళీగా ఉంది. నోళ్ళు మాత్రం ఖాళీగా లేవు.

"నిలబడి నిద్రపోతున్నాడమ్మా ఆ ఓబన్న! బంతి వస్తే లేపమని చెప్పి పడుకున్నట్టున్నాడు" అంది సుంకులమ్మ.

"వాకిలికి పొట్ట అడ్డం పెడితే చాలనుకున్నాడు. బంతికి పొట్ట చుట్టూ తిరిగి పోవడం తెలియదా?" అన్నాడు మద్దిలేటి.

"మా అక్క కొడుకు ఉన్నాడు కదా" అంది మళ్ళీ సుంకులమ్మ. "చురుకైనవాడు. వాణ్ణి పెడదాం."

"సరే. ఆదివారం పొద్దున కూర్చుందాం. ఓబన్నను తీసేద్దాం. తీతక్కా, నువ్వేమంటావు?" అన్నాడు మద్దిలేటి.

తీతమ్మకూ ఒళ్ళు మంటగానే ఉంది. గొంతు పోయేలా అరిచింది తను. ఆట ఓడగొట్టింది ఓబన్న. "అందరి మాటే నా మాట" అంది.

ఆట లేని వారం అభిమానికి మహా కష్టం సుమా! ఏం చేయాలో తోచదు. మర్నాడు తెల్లవారగానే తీతమ్మ కాళ్ళు వాటంతటవే బయలు దారి పట్టాయి. ఓడిన ఆటలనే తలుచుకుంటూ నడిచింది. అప్పుడు ఎదుటి జట్టు దుప్పి అంత దూరం నుంచి తన్నింది కదా, ఓబన్నకు కనబడలేదా? వాగు అవతల అన్ని బంతులు ఆపాడట, మరి ఇక్కడికి వచ్చేసరికి ఏమైపోయాడు?

బయల్లో జట్టు సాధన చేస్తోంది. చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. గాలి చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. తీతమ్మ గడ్డిలో నక్కి కూర్చుంది.

తమ జట్టు దుప్పి బంతి తన్నింది. ఓబన్న ఆపాడు.

కణుజు జింక తన్నింది. ఓబన్న ఆపాడు.

ముంగిస బంతిని నేల మీద పాము పాకినట్టు మెలికలు తిప్పి తన్నింది. ఓబన్న వంగి, రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

తీతమ్మ నోరు తెరిచేసింది. అప్పుడు ఆమెకు ఒక చిన్న గొంతు వినబడింది. ఓబన్న ముందు నిలబడే కుందేలు చెంచి మాట్లాడుతోంది. "ఎడమ, అన్నా. కింద. ఇంకా రాలేదు... ఇప్పుడు!" అంటోంది. ఓబన్న చెవులు ఆ గొంతు వైపే ఉన్నాయి. కళ్ళు దాదాపు మూసుకునే ఉన్నాడు.

సాధన అయ్యాక తీతమ్మ ఓబన్న దగ్గరకు వెళ్ళింది.

"ఓబన్నా, నీకు బంతి కనబడదా?"

ఓబన్న సిగ్గుపడ్డాడు. "దగ్గరకు వచ్చాక మసక మసకగా కనబడుతుంది, అక్కా. దేవుడు మా ఎలుగులకు మంచి ముక్కు ఇచ్చాడు. కళ్ళు మాత్రం కాస్త పొదుపుగా ఇచ్చాడు. చెంచి చెబుతుంది, నేను వింటాను. చిన్నప్పటి నుంచీ మాకు అదే అలవాటు."

"మరి ఆటలో?"

ఓబన్న చెంచి వైపు తిరిగాడు. చెంచి మాట్లాడింది. "ఆటలో నేను చెప్పేది నాకే వినబడదు, పిన్నమ్మా! మీరంతా వెనక ఉంటారు కదా."

తీతమ్మ ఓబన్న వైపు తిరిగింది. "నోరు మూసుకోండి అని ఒక్క మాట చెప్పకపోయావా, ఓబన్నా?"

"ఎట్లా చెప్పను, అక్కా?" అన్నాడు ఓబన్న నెమ్మదిగా. "ఆ హోరు వినబడగానే, అబ్బ, మాకోసం ఇంతమంది వచ్చారే అని గుండె నిండిపోతుంది. ప్రేమతో వచ్చినవాళ్ళను అరవొద్దని ఏ నోటితో అంటాను? ఆదివారం నన్ను తీసేస్తారని తెలిసింది. పైన కొండకు వెళ్ళిపోతాను. అక్కడ మా మేనత్త ఉంది."

అదీ సంగతి. తీతమ్మ వాగు ఒడ్డున గులకరాళ్ళ మీద కూర్చుంది. నిజం చెబితే ఓబన్న ఉంటాడు. కానీ తన గొంతు? అడవి మొత్తంలో ఆ గొంతు వద్దనని చోటు అదొక్కటే. ఇప్పుడు అక్కడ కూడా తనే వద్దనాలి. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఓబన్న ఎలాగూ చెప్పడు.

ఎండ వాగు మీద పడింది. తీతమ్మ సూర్యుడి వైపు తిరిగింది.

"స్వామీ, నువ్వు నాకిచ్చింది ఈ గొంతు ఒక్కటే. దాన్ని కూడా మూసుకోమంటావా?" అంది.

సూర్యుడు ఏమంటాడు? రోజూ లాగే పైకి వచ్చాడు. చప్పుడు చేయకుండా వచ్చాడు. తీతమ్మ చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది.

ఆదివారం పొద్దున అందరూ చేరారు. మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు. "ఇంకేముంది? ఓబన్నను తీసేస్తున్నాం. అంతేగా?"

"అంతే కాదు, మామా" అంది తీతమ్మ.

"ఏమిటి తీతక్కా, ఓబన్న తేనెపట్టు పంపించాడా?" అని సుంకులమ్మ ముళ్ళు గలగలలాడించి నవ్వింది.

తీతమ్మ కోపం తెచ్చుకోలేదు. "ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మనం గెలిచిన ఆటకు మనలో ఎవరు వెళ్ళాం?"

"ఎవరమూ వెళ్ళలేదు. వాగు పొంగింది కదా."

"ఓడిన మూడు ఆటలకు?"

"అందరం వెళ్ళాం. గొంతులు చించుకున్నాం."

"ఎక్కడ కూర్చుని?"

మద్దిలేటి నల్లరాయి వైపు చూశాడు. తర్వాత దాని ముందే ఉన్న తమ వాకిలి వైపు చూశాడు. తల గోక్కున్నాడు.

తీతమ్మ తాను చూసిందంతా చెప్పింది. చెంచి గొంతు సంగతి, ఓబన్న చెవుల సంగతి చెప్పింది. "బంతిని వాకిట్లోకి పంపింది ఎదుటి జట్టే. కానీ ఓబన్న చెవులు మూసింది మనం. అందరికంటే ముందు నేను" అంది.

మద్దిలేటికి రోషం వచ్చింది. "అరవకుండా కూర్చోవడానికి అభిమానులెందుకు? ఈ నల్లరాయి ఉందిగా, అది కూర్చుంటుంది!"

"అరుద్దాం మామా. బంతి అవతలి వాకిలి దగ్గరున్నప్పుడు ఆకాశం అదిరేలా అరుద్దాం. మన వాకిలి వైపు వచ్చినప్పుడు మాత్రం నోరు కట్టేసుకుందాం. నేను ఒక రెక్క పైకెత్తుతాను. అది చూసి ఆపండి. ఒక్క ఆట చూడండి. ఓడిపోతే ఓబన్నతో పాటు నేనూ పోతాను. మళ్ళీ ఈ రాయి ఎక్కను."

తీతమ్మకు ఆ రాయి అంటే ఏమిటో అందరికీ తెలుసు. సుంకులమ్మ ముళ్ళు దించేసింది. "ఒక్క ఆటే కదా, చూద్దాంలే" అంది.

తర్వాతి వారం కొండవాలు జట్టు వచ్చింది. వాళ్ళలో ఒక కొండగొర్రె ఉంది. దాని కాళ్ళకు చక్రాలు కట్టారా అన్నట్టుండేది.

ఆట మొదలైంది. కొండగొర్రె బంతి తీసుకుని దూసుకొచ్చింది. తీతమ్మ రెక్క ఎత్తింది. కానీ అలవాటు అంత తొందరగా పోతుందా? మద్దిలేటి చేతులు వాటంతటవే మొద్దు మీద పడ్డాయి. "ఆపరా, ఆపరా!" అని వెనక పదిమంది అరిచారు. ఓబన్న అటూ ఇటూ తల తిప్పాడు. బంతి వాకిట్లో పడింది.

ఎదుటి జట్టు గంతులు వేసింది. మద్దిలేటి మొద్దును చూశాడు, తన చేతులను చూసుకున్నాడు. మొద్దును అవతలికి దొర్లించేశాడు.

"ఈసారి అరిచినవాళ్ళ నోట్లో నా ముల్లు గుచ్చుతాను" అని సుంకులమ్మ చుట్టూ చూసింది.

కొంతసేపటికి కొండగొర్రె మళ్ళీ వచ్చింది. తీతమ్మ రెక్క ఎత్తింది. ఈసారి బయలంతా నిశ్శబ్దం. ఆకు రాలితే వినబడేంత నిశ్శబ్దం. తీతమ్మ గొంతులో కూత కొట్టుకుంటోంది. ముక్కు గట్టిగా బిగించింది.

"కుడి, అన్నా" అంది చెంచి. "పైన. ఇప్పుడు!"

ఓబన్న గాలిలోకి లేచాడు. అంత ఒళ్ళు ఎట్లా లేచిందో దేవుడికే తెలియాలి. బంతి చేతుల్లో ఉంది.

బంతిని ముందుకు విసిరాడు. దుప్పి అందుకుంది. అవతలి వాకిలి వైపు పరుగెత్తింది. తీతమ్మ రెక్క దించింది. అప్పుడు చూడాలి! అంతసేపు బిగబట్టిన గొంతులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆ హోరుకు కొండవాలు కాపరి బెదిరి నల్లరాయి వైపు చూశాడు. బంతి వాకిట్లో పడింది. చెరో పాయింటు అయింది.

ఆ తర్వాత కొండగొర్రె ఎన్నిసార్లు వచ్చినా నిశ్శబ్దమే ఎదురైంది. ఎన్నిసార్లు తన్నినా ఓబన్న చేతులే ఎదురయ్యాయి. పొద్దు వాలింది. ఆట ముగిసింది. గెలవలేదు. కానీ ఓడిపోలేదు.

మద్దిలేటి బయల్లోకి దూకి ఓబన్న వీపు మీద చరిచాడు. "నువ్వు కొండకు వెళితే కాళ్ళు విరగ్గొడతాను!" అన్నాడు.

ఓబన్న నవ్వాడు. కానీ అతని మొహం నల్లరాయి వైపే తిరిగి ఉంది. రాయి మీద ఎవరున్నదీ ఆ కళ్ళకు అందలేదు. ఆట ఆఖరంతా బంతి ఇటువైపే తిరిగింది. అందుకని చాలాసేపటి నుంచి తీతమ్మ గొంతు అతనికి వినబడనే లేదు.

"అక్కా, వచ్చావా ఇవాళ?" అని బెంగగా అడిగాడు.

తీతమ్మ రాయి దిగి అతని చెవి దగ్గరకు వచ్చింది. జీవితంలో మొదటిసారి గొంతు బాగా తగ్గించి పలికింది.

"ఇక్కడే ఉన్నాను, నాయనా. మొదటి నుంచీ ఇక్కడే ఉన్నాను."

నీతి: మనవాళ్ళను ప్రేమిస్తే చాలదు; మన ప్రేమ వాళ్ళకు ఆసరా అవుతోందో అడ్డమవుతోందో చూసుకోవాలి, అడ్డమైతే మనమే ముందు తగ్గాలి.