వీపున పడిన గాలి

"సార్, తన కష్టంతో తాను పైకొచ్చినవాడు కూడా ఎవరికైనా కృతజ్ఞతలు చెప్పుకోవాలా?"

మురహరి వినయంగానే అడిగాడు గానీ, జవాబు ముందే జేబులో పెట్టుకుని అడిగినట్టుంది. ఆ చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. మొదటిసారి ఒంటరిగా ఎగరబోయే శిష్యుడు ముందురోజు సాయంత్రం విమానాల షెడ్డులో కొబ్బరికాయ కొట్టి, తనను ఇంతవాణ్ణి చేసినవాళ్ళ పేర్లు అందరి ముందూ చెప్పాలి. ఆ సాయంత్రం మురహరి వంతు. ఎంత ఆలోచించినా అతనికి తన పేరు తప్ప మరొకటి తట్టలేదు.

శిక్షకుడు సత్యనాథంగారు ప్రశ్నలకు నోటితో జవాబిచ్చే మనిషి కాదు. ఎవరేమడిగినా "పద, ఎగిరొద్దాం" అంటారు. రేపు ఒంటరిగా పంపాలో వద్దో తేల్చేదీ ఆయనే. అందుచేత మురహరి మారుమాట్లాడకుండా ఎక్కి కూర్చున్నాడు.

ఆషాఢమాసం. పడమటి గాలి విసురుగా వీస్తోంది. ఇద్దరూ పడమరకే బయల్దేరారు. విమానంలోని వేగం మీటరు చుట్టూ ఉన్న గాలిని బట్టి లెక్క చెబుతుంది. కింద నేల సంగతి దానికి పట్టదు. అందుకే మీటరులో వేగం ఎప్పటిలాగే ఉన్నా, నేల మాత్రం కదలనని మొరాయిస్తోంది. రోడ్డు మీద ఒక ఎర్ర కారు కాసేపు వాళ్ళతో పోటీపడి ముందుకెళ్ళిపోయింది. మురహరికి తల కొట్టేసినట్టయింది.

"పాడు గాలి సార్!" అని విసుక్కున్నాడు. సత్యనాథంగారు ఊఁ కొట్టారు.

వెనక్కి తిరిగారు. గాలి ఇప్పుడు వీపున పడింది. వేరుశనగ చేలు పరుగులు పెట్టాయి. వెళ్ళడానికి పట్టిన సమయంలో సగానికే క్లబ్బు షెడ్డు కనిపించేసరికి మురహరి మొహం వెలిగిపోయింది.

"చూశారా సార్, ఎలా తీసుకొచ్చానో!"

ఈసారి గాలి ఊసెత్తలేదు. మనలో మనమాట, అలాంటప్పుడు మనం మాత్రం ఎత్తుతామా?

రన్‌వే పక్కగా కిందికి దిగుతూ వస్తున్నారు. నేల దగ్గరయ్యేకొద్దీ చెట్లు మరీ జోరుగా వెనక్కి పోతున్నాయి. వేగం మితిమీరిందనుకుని మురహరి ఇంజను జోరు తగ్గించాడు. ఇంకా ఎక్కువే అనిపించి మరికాస్త తగ్గించాడు. మీటరు వైపు చూడనేలేదు. ఎత్తు తగ్గిపోతోందని విమానం ముక్కు పైకెత్తాడు. రెక్కలకు గాలి పట్టు తప్పబోతోందని హెచ్చరిస్తూ హారన్ కీచుమంది. విమానం ఒళ్ళంతా వణికింది. మురహరికి పైప్రాణాలు పైనే పోయాయి. సత్యనాథంగారి చెయ్యి ముందుకొచ్చి, ముక్కు కిందికి వంచి, ఇంజను జోరు పెంచి, విమానాన్ని నిలబెట్టి మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"గాలి ఇచ్చిన వేగం నీదే అనుకున్నావు నాయనా," అన్నారాయన. "ఆ భ్రమలో నిజంగా నీదైనదాన్ని తగ్గించేసుకున్నావు."

మురహరి ఈసారి మీటరు చూసుకున్నాడు. విమానాన్ని మలుపు తిప్పి, ఇందాక తిట్టిన గాలికే ఎదురుగా దిగాడు. ఆ గాలే ఎదురొచ్చి, పరుగును ఓపిగ్గా అణచి, చక్రాలు మెత్తగా నేలకు ఆనేలా చూసింది. ప్రాణాలతో నేలమీద ఉన్నందుకు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మెకానిక్ వచ్చి చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టాడు. రోజూ పెట్టేవాడే. ఇన్నాళ్ళూ ఆయన పేరైనా అడగలేదని మురహరికి సిగ్గేసింది; ఇప్పుడడిగాడు. "మస్తానయ్య," అని చెప్పాడాయన, ఇప్పుడెందుకా అని ఆశ్చర్యపోతూనే. ఆ పేరు వెనకాలే మరెన్నో పేర్లు తోసుకొచ్చాయి. లెక్కలు రావడంలేదని చదువు మానేస్తానన్నప్పుడు పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పిన మేనత్త రాజ్యలక్ష్మి, బస్సు తప్పినప్పుడల్లా స్కూటరు మీద దింపిన పక్కింటాయన... ఇంతమంది తనను మోసుకొచ్చారా అని అతని గుండె నిండిపోయింది.

సాయంత్రం షెడ్డులో ఆ పేర్లన్నీ చెబుతూంటే అందరి గ్లాసుల్లో టీ చల్లారిపోయింది. ఎవరూ విసుక్కోలేదు. చివరికి మురహరి గురువుగారి దగ్గరకొచ్చి, బెరుకుగా అడిగాడు.

"రేపు నన్ను ఒంటరిగా పంపిస్తారా సార్?"

"పంపిస్తాను," అన్నారు సత్యనాథంగారు. "మనిషిని ఒంటరిగా ఎలా పంపాలో మాత్రం నాకు ఇంతవరకూ తెలియలేదు."