దారం పట్టిన చెయ్యి

రండి తల్లీ, రండి నాయనా, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనక గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ముందుకి రావాలి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ఒక్కసారి మీ అరచెయ్యి గుండె మీద పెట్టుకోండి. కొట్టుకుంటోందా? మీరు అమ్మ కడుపులో ఉండగా ఆ పైవాడు మొదలుపెట్టించిన పని అది. ఇంతవరకు ఒక్క పూట సెలవు అడగలేదు. సరే, ఇక వినండి.

నెల్లూరులో డాక్టర్ మస్తాన్‌వలీ అని ఒక పెద్దాయన ఉండేవారు. గుండెకి రక్తం చేర్చే నాళాలు పూడుకుపోతే కొత్త నాళం తెచ్చి అతకడం ఆయన పని. చాలాచోట్ల అతికేటప్పుడు గుండెని ఆపేస్తారు. ఆ కాసేపు గుండె పని మెషీను చేస్తుంది. వలీగారు ఆపేవారు కాదు. కొట్టుకుంటున్న గుండె మీదే కుట్టు వేసేవారు.

ఆయన థియేటర్లో ఒక వాడుక ఉంది. కుట్టేవాళ్లని సూది అంటారు. ఎదురుగా నిలబడి ప్రతి కుట్టు వెంటా దారాన్ని పట్టి నడిపేవాళ్లని దారం అంటారు. పేర్లు కూడా అవసరం లేదు, సూది ఎవరు, దారం ఎవరు అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది.

శిష్యుల్లో పెద్దవాడు పురుషోత్తం. ఏళ్ల తరబడి దారం పట్టాడు. గురువుగారు మొదటిసారి సూది ఎవరికి ఇస్తారా అని అందరూ అనుకునేటప్పుడు అతని వైపే చూసేవాళ్లు. అతనూ అటే చూసుకునేవాడు.

ఒకరోజు వలీగారు చెప్పారు, రేపు సుబ్బరత్నమ్మ ఆపరేషన్‌కి కెజియా సూది, పురుషోత్తం దారం అని. కెజియా అతని తరవాత వచ్చి చేరిన పిల్ల.

అంతే. పురుషోత్తం అన్నం పళ్లెం పక్కకి నెట్టేశాడు. నిన్నటిదాకా చెల్లెలిలా చూసుకున్న పిల్లలో ఇవాళ అన్నీ వంకలే. గట్టిగా నవ్వుతుంది. గురువుగారి టీ తనే తెచ్చిపెడుతుంది, ఊరికే తెస్తుందా? పైగా మత్తు డాక్టరు వెంకటరమణయ్య ఎదురుపడి, "ఏందబ్బయ్యా, పెళ్లికొడుకు నువ్వనుకుంటే తోడుపెళ్లికొడుకువైనావే" అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఆగలేక గురువుగారి గదికి వెళ్లాడు. ఆయన బత్తాయి ఒలుస్తున్నారు. తను చేసిన తప్పేమిటో చెప్పమన్నాడు పురుషోత్తం. ఆయన సగం కాయ అతని చేతిలో పెట్టారు.

"ఆ పిల్లకి ఇదే మొదలు. దారం మంచి చేతిలో ఉండాలబ్బయ్యా. అందుకని నీకిచ్చా."

ఓదారుస్తున్నారనుకున్నాడు అతను. బత్తాయి పుల్లగా అనిపించింది.

సుబ్బరత్నమ్మ బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే మనిషి. ఆవిడ గుండె దగ్గరి పెద్ద నాళం సున్నం పట్టి గట్టిపడింది. మెషీనుకి కలిపితే అక్కడి పెళ్లలు ఊడి మెదడుకి పోవచ్చు. కాబట్టి గుండె ఆపేందుకు లేదు. ఆ సంగతి విడమరిచి చెబితే ఆవిడ విని, "అంటే పొయ్యి ఆర్పకుండానే కుండకి మాటెయ్యాల. జాగర్త నాయనా, చేతులు కాల్చుకునేరు" అంది. అందరూ నవ్వారు. పురుషోత్తం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అంతా బల్ల చుట్టూ చేరారు. వలీగారు బిస్మిల్లా అన్నారు. కెజియా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. పురుషోత్తం పెంచలకోన నరసింహస్వామిని తలుచుకున్నాడు. ఎవరు ఎవరిని పిలిచినా విన్నవాడు ఒక్కడే కదా. అయితే పురుషోత్తం ఆ రోజు స్వామిని ఏం కోరాడో చెప్పమంటారా? సుబ్బరత్నమ్మకి చెడు జరగాలని కాదు, అంత దుర్మార్గుడు కాదు. ఆ పిల్ల చెయ్యి ఒక్కసారి వణికితే చాలనుకున్నాడు. అప్పుడు గురువుగారు సూది తన చేతికిస్తారు.

ఛాతీ తెరిచారు. గుండె ఎగిసిపడుతోంది. రెండు వేళ్లున్న చిన్న పనిముట్టుతో కుట్టు పడాల్సిన చోటు మాత్రం అదిమి పెట్టారు. గోరంత చోటు నిలకడగా ఉంది, మిగతా గుండె దాని పని అది చేసుకుంటోంది. కెజియా మొదటి కుట్టు వేసింది. దారం వెంట్రుక కన్నా సన్నం. వదులైతే రక్తం కారుతుంది. బిగిస్తే నాళం గోడ మెత్తని సబ్బులా తెగుతుంది. దారం పట్టినవాడు దారాన్ని తప్ప ఇంకేదీ చూడకూడదు. కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం చెప్పేది పురుషోత్తమే.

కుట్టు మీద కుట్టు పడుతోంది. కెజియా చెయ్యి వణకలేదు.

"అన్నా, కొంచెం వదులు" అంది మెల్లగా.

అప్పటికే ఆలస్యమైంది. నాళం అంచు చిరిగింది. రక్తం పైకి చిమ్మింది. బీపీ పడిపోతోందని వెంకటరమణయ్య చెప్పాడు, ఈసారి గొంతులో పరిహాసం లేదు.

గురువుగారు తిడతారనుకున్నాడు పురుషోత్తం. ఆయన అతని పక్కకి వచ్చి నిలబడ్డారు.

"దారం నాకియ్యి అబ్బయ్యా. నువ్వు గుండె కింద చెయ్యి పెట్టు. బరువెయ్యబాక, ఊరికే పట్టుకో."

కెజియా భయపడిపోయి సూది ఆయనకి ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. "సూది నీదే తల్లీ. దారం నేను" అన్నారు.

ఎన్నో ఊళ్ల నుంచి డాక్టర్లు ఎవరి చెయ్యి చూడటానికి వచ్చేవాళ్లో, ఆ మనిషి నడుం వంచి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి దారం పట్టారు. ఆమె సూది ఎటు పోతే ఆయన వేళ్లు అటు పోయాయి. ఒక్కసారి కూడా ఆమె చేతి వంక చూడలేదు.

పురుషోత్తం అరచేతిలో సుబ్బరత్నమ్మ గుండె కొట్టుకుంటోంది. తడబడుతోంది, ఆగుతుందేమో అనిపించి మళ్లీ కొట్టుకుంటోంది. అతనికి తన అసూయ గుర్తు రాలేదు. సూది గుర్తు రాలేదు. "కొట్టుకో తల్లీ, కొట్టుకో" అని మాస్కు లోపల గొణుగుతూ నిలబడ్డాడు.

కెజియా చిరుగు మీద ఒక కుట్టు ఎక్కువ వేసింది. ముడి పడింది. కొత్త నాళంలోకి రక్తం వదిలారు. కాసేపటికి అతని అరచేతిలో దెబ్బ బలంగా, వేళ తప్పకుండా పడటం మొదలైంది. ఆ సంగతి తెర మీద కనబడక ముందే అతనికి తెలిసింది.

బయట చేతులు కడుక్కుంటున్న గురువుగారి దగ్గరికి వెళ్లాడు. తప్పు తనదేనన్నాడు.

"చిరిగే వేళ నువ్వేం చూస్తా ఉండావు?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఆమె చెయ్యి, సార్."

"ఎందుకు?"

"వణుకుతుందేమోనని."

వలీగారు కుళాయి కట్టేశారు. చేతులు తుడుచుకున్నారు.

"వణికితే ఏం చేద్దామని?"

ఆయన జవాబు కోసం ఆగలేదు, సుబ్బరత్నమ్మ కొడుక్కి కబురు చెప్పడానికి వెళ్లిపోయారు.

కెజియా అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చిరిగింది తన చేతివల్లనేనని చెప్పాడు.

"తెలుసన్నా" అంది ఆ పిల్ల. "టీ ఇప్పియ్యి ముందు."

అతను వెళ్లి టీ తెచ్చాడు. చేతికందిస్తూ అడిగాడు.

"మళ్లీ నువ్వు కుట్టేటప్పుడు దారం నాకిస్తావా?"

ఇదీ తల్లీ కథ. అన్నీ మరిచిపోయినా ఫరవాలేదు, ఆ పెద్దాయన నడుం వంచి దారం అందుకున్నది ఒక్కటీ గుర్తుంచుకోండి. మీరు ఆశపడ్డ పని రేపు మీ పక్కవాళ్ల చేతిలో పడుతుంది. పడి తీరుతుంది. అప్పుడు మీరూ ఒక్కసారి అలా చేసి చూడండి. దారం పట్టుకోండి. దారాన్నే చూడండి.