పిట్టగోడ లేని డాబా

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులే, ఎక్కడో యూదయ దేశంలో, ఏతాను అనే మేస్త్రీ ఉండేవాడు. ఊఁ కొడుతున్నావా? ఆ దేశంలో డాబా చుట్టూ పిట్టగోడ కట్టందే కొత్తింట్లో దిగకూడదు. అది వాళ్ళ ఆచారం. పైనుంచి ఎవరైనా పడితే ఆ పాపం ఇంటాయనదే.

ఏతాను ఊరందరికీ పిట్టగోడలు కట్టాడు. తన ఇంటికొచ్చేసరికి మాత్రం రాళ్ళన్నీ తీసుకెళ్ళి వాకిలి కమానుకి పెట్టేశాడు, గొప్ప కోసం. పెళ్ళాం హులదా మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "రేపు" అన్నాడు. మాయదారి రేపు.

ఆయనకి తిర్సా అని మనవరాలు, నీ అంతే ఉంటుంది. దానికి రోజూ సృష్టి కథ చెప్పేవాడు. దేవుడు లోకం కట్టేటప్పుడు ముందు గాలిని తూచాడట. అప్పుడు అంతులేని నీళ్ళ మీద తాడుతో గుండ్రంగా గీత గీశాడట. ఆ తర్వాత సముద్రానికి తలుపులు బిగించాడట. జ్ఞానం అనే చిన్నపిల్ల ఆయన పక్కనే గంతులేస్తూ ఆడుకునేదట.

విన్నాక తిర్సా ఊరుకుంటుందా? ఒకరోజు తాత పని నుంచి వచ్చి మెట్లెక్కి చూశాడు. అది డాబా నడుమ మేకు దిగ్గొట్టి, దానికి తాత కొలతాడు కట్టి, రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది. లోకం చుట్టూ గీత గీస్తోందన్నమాట. మడమ అప్పటికే అంచు దాటి గాల్లో ఉంది.

ఏతాను కొయ్యబారిపోయాడు. అరిస్తే ఉలిక్కిపడుతుంది. పరుగెత్తితే ఆటనుకుని ఇంకో అడుగు వెనక్కేస్తుంది. అందుకే ఉన్నచోటే ఉండి మెల్లిగా అన్నాడు.

"తిర్సమ్మా, ఆ తాడు చుట్టుకుంటూ మేకు దగ్గరికి రా తల్లీ."

అది చుట్టుకుంటూ వచ్చింది. తాత దాన్ని వాటేసుకుని అక్కడే కూలబడ్డాడు.

"ఏంటి తాతా, ఇంకా సముద్రమే పూర్తవలేదు," అని అది విసుక్కుంది. ఆ తర్వాత అంచు వైపు చూసి అడిగింది. "దేవుడు సముద్రానికి తలుపులు పెట్టింది ఆడుకునే ఆ పిల్ల పడిపోకూడదనే కదా?"

ఇన్నాళ్ళూ తను చెప్పిన కథ తనకే తెలియదని ఏతాను సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పుడు దాన్ని చంకనేసుకుని కిందికి దిగి, గునపం తీసుకుని, కమాను మీద ఒక్క పోటు పొడిచాడు. హులదా పిండి చేతులతోనే బయటికొచ్చింది.

"ఏమైందయ్యా నీకు?"

"రాళ్ళు పైకి అందియ్యి," అన్నాడు.

పొద్దు వాలేలోపు పిట్టగోడ లేచింది. మొండి వాకిలి చూసి వీధంతా నవ్వింది. ఏతాను మాత్రం మనవరాలి వేలు పట్టుకుని, పిట్టగోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా రాయి రాయినీ చేత్తో తోసి చూశాడు. ఆ తర్వాత దాని వేలు వదిలి, "ఇప్పుడాడుకో," అన్నాడు.

కథ నడిచింది కంచికి,
నువ్వు పదవే మంచానికి.