బారులో ఆగిన నూకాలు

ఒకప్పుడు చీమలు దారిలో ఎదురుపడితే పలకరించుకునేవి కావు. బారు ఆగకూడదు, వెనక్కి చూడకూడదు, అదీ వాటి పద్ధతి. సొంత అక్క ఎదురొచ్చినా సరే, నోట్లో గింజ పెట్టుకుని చక్కా పోవడమే.

ఆ రోజుల్లో ఒక జామచెట్టు మొదట్లో చీమల పుట్ట ఉండేది. అందులో నూకాలు, పైడమ్మ అని ఇద్దరు నేస్తాలు. తొలకరి వానకి పైడమ్మ చెల్లెలు నీళ్ళలో కొట్టుకుపోయింది. చెల్లెలు పోయిన చోటే, బారు నడిచే దారి పక్కన, పైడమ్మ కూర్చుండిపోయింది. తిండి లేదు, పని లేదు. మిగతా చీమలు పక్కనుంచి చుట్టు తిరిగి పోయేవి. పాపం, వాటికి అంతకంటే తెలియదు.

మూడోనాటికి మళ్ళీ మబ్బు పట్టింది. వాన మొదలైతే పుట్ట నోరు మట్టితో మూసేస్తారు. ఇక బయట ఉన్నవాళ్ళు బయటే. పైడమ్మని ఎలాగైనా లోపలికి తేవాలని నూకాలు బయల్దేరింది.

ముందు పంచదార పలుకు తెచ్చి పెట్టింది. పైడమ్మ ముట్టలేదు. పోయినవాళ్ళతో మనమూ పోతామా అని, పెద్దవాళ్ళు చెప్పే మాట తనూ చెప్పి చూసింది. పైడమ్మ మొహం తిప్పేసుకుంది.

చీమలకి ఒకటే మందు తెలుసు. ఒకరితో కానిది పదిమంది కలిసి మోసుకుపోవడం. నూకాలు వెళ్ళి పదిమందిని పిలుచుకొచ్చింది. తలో కాలు పట్టుకుని, పైడమ్మని వడ్లగింజని మోసినట్టు మోసుకెళ్ళి పుట్టలో దింపారు. పని అయిపోయిందని మీసాలు దులుపుకున్నారు. వాళ్ళు అటు తిరిగారో లేదో, పైడమ్మ బయటికి నడిచి వెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చుంది. ఇంకోసారి మోశారు. ఎక్కడి గొంగళి అక్కడే. మూడోసారికి పదిమందికీ ఆయాసం వచ్చి, ఇదెక్కడి గింజ తల్లీ అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

నూకాలు ఒక్కతే మిగిలింది. ఇంకేం చెయ్యాలో దానికి నిజంగా తెలియలేదు. తెలియక, ఏ చీమా చెయ్యని పని చేసింది. మళ్ళీ గింజ పట్టుకుని బారులో వస్తూ, పైడమ్మ పక్కకి రాగానే ఆ గింజ కింద పెట్టి, దారి మధ్యలో ఆగిపోయింది. వెనకాల బారంతా నిలిచిపోయింది. ఎవరే అడ్డం అని అరుపులు వినపడుతున్నా కదలకుండా, తన మీసాలు పైడమ్మ మీసాలకి ఆనించి, ఊరికే అలా ఉండిపోయింది.

చాలాసేపటికి పైడమ్మ నోరు విప్పింది.

"అది ఎప్పుడూ నా ఎనకకాలు పట్టుకుని నడిచేదే. ఆయేళ పట్టు జారిపోయింది. నాకు తెలిసింది. బారు కదా అని నాను ఎనక్కి చూడనేదు."

నూకాలుకి ఏడుపొచ్చింది. నీ తప్పేం లేదని అనబోయి, ఆ మాట మింగేసింది.

"మీ చెల్లి ఏటి తినీదే ఇష్టంగా?" అని అడిగింది.

"బెల్లం. పనిలోకి వస్తే సగం బెల్లం దారిలోనే నాకీసేది, దొంగముండ." పైడమ్మ నవ్వింది. నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది. నూకాలు మీసాలు తియ్యలేదు.

టప్పున చినుకు పడింది. పైడమ్మ ఉలిక్కిపడి లేచింది.

"నడు, తడిసిపోతావు నువ్వు."

ఇద్దరూ పరుగున వెళ్ళేసరికి, పుట్ట మూసే ముసలి చీమ నోట్లో మట్టిముద్దతో గుమ్మంలోనే నిలబడి ఉంది. పద్ధతి ప్రకారం ఎప్పుడో మూసెయ్యాలి. అయినా, లోపలికి రమ్మని తల ఊపింది.

వాన వెలిసాక పైడమ్మ పనిలోకి వచ్చింది. దుఃఖం పూర్తిగా పోలేదు, కానీ ఆకలేసింది. ఎదురొచ్చిన ప్రతి చీమా ఆ రోజు ఒక్క క్షణం ఆగి, దాని మీసాలకి మీసాలు ఆనించి వెళ్ళింది. మోసి మోసి ఆయాసపడ్డ ఆ పదిమంది కూడా. బారు ఎక్కడా తెగిపోలేదు.

అప్పటినుంచే చీమలు ఎంత తొందరలో ఉన్నా, ఎదురుపడితే ఆగి మీసాలు ఆనించుకుంటున్నాయి. గోడ వారన కూర్చుని చూడండి, ఒక్కటి కూడా పలకరించకుండా పోదు.