పెద్దత్తయ్య సర్దిపెట్టిన ఇల్లు

మా ఇంట్లో నలుగురికీ ఉన్న తెలివి నలభై ఇళ్ళకి పంచినా ఇంకా మిగులుతుందని మా మామగారు అంటూండేవారు. మేం పంచలేదు. ఆ నలభై ఇళ్ళవాళ్ళూ అందుకే చల్లగా ఉన్నారు.

ఆ నలుగురూ ఎవరంటే మామగారు, మావారు, మరిది చయనులు, నేను. బొబ్బిలిలో కాపురం. తెలివి ఎక్కువై ఇల్లు సర్దుకోవడం మీద మాకు ధ్యాస ఉండేది కాదు. ఒకసారి మా ఇలవేల్పు బాలకృష్ణుడు, బొటనవేలంత పంచలోహపు స్వామి, ఇంట్లోనే కనిపించకుండా పోయాడు. మూడు నెలలకి చింతపండు కుండలో దొరికాడు. తళతళా మెరిసిపోతున్నాడు.

"చూశావా వదినా, తనే వెళ్ళి తోముకున్నాడు," అన్నాడు చయనులు.

ఆ మాట మామగారి అక్కగారు బాపనమ్మ పెద్దత్తయ్య చెవిన పడింది. ఇంకేముంది, రాజాం నుంచి మొదటి బస్సుకే దిగి స్వామిని కొంగున ముడేసుకున్నారు. వారం రోజులుండి ఇల్లంతా అద్దంలా సర్దిపెట్టారు. వెళ్తూ గుమ్మంలో నిలబడి చెప్పారు.

"తీసిన వస్తువు తీసిన చోటే పెట్టండి. ప్రతిదానికీ ఒక చోటు చూపించి, పేరు రాసి అంటించండి. ఆరు నెలలుగా ఏ పనికీ రానిది ఉంచుకోకండి, ఎవరికైనా ఇచ్చేయండి. ఏడాదికి వస్తాను. ఇల్లు ఇవాళ ఎలా ఉందో అలాగే ఉంటే స్వామిని మీకిస్తాను. లేదా, మళ్ళీ అడగొద్దు."

స్వామి లేని మందిరం ముందు కూర్చుంటే నాకు నోట శ్లోకం రాలేదు. "పెద్దత్తయ్యగారు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా జవదాటకూడదు," అన్నాను. నలుగురం ఒట్టు పెట్టుకున్నాం. అంతే.

ఆ పూట అన్నం మిగిలింది.

"ఈ బియ్యం ఎక్కణ్ణుంచి తీశావు?" అడిగారు మావారు.

"డబ్బాలోంచండీ."

"మరి అక్కడే పెట్టు."

పెట్టాను. మిగిలిన పప్పు కందిపప్పు డబ్బాలోకి, చారు చింతపండు కుండలోకి వెళ్ళాయి. మూడోనాటికి వాసన గుప్పుమంది. నాలుగోనాటికి చీమలు బారులు తీరాయి.

"పాపం, వీటికి మనం చోటే చూపించలేదు. అందుకే ఎక్కడపడితే అక్కడ తిరుగుతున్నాయి," అన్నాడు చయనులు. వంటింటి గూట్లో బెల్లం పెట్టి, పైన 'చీమలు' అని రాసి అంటించాడు. ఇంకేముంది, వీధిలో చీమలన్నీ చదువుకున్నవాటిలా తిన్నగా మా గూటికే వచ్చాయి. ఎంత బుద్ధిమంతులో అని మేం మురిసిపోయాం.

అలా ఆరు నెలలు నిండాయి. చలికాలం. గొడుగులు ఏ పనికీ రావడం లేదు. నాలుగూ ఇచ్చేశాం. ఇంకా ఏమున్నాయా అని ఇల్లంతా చూశాం. అందరి కళ్ళూ మామగారి మీద ఆగాయి.

"అలా చూస్తారేమర్రా? నిజమే. నేను రిటైరై పదకొండేళ్ళు," అన్నారాయన నిబ్బరంగా. "నియమమంటే నియమమే. నా పడక్కుర్చీ కూడా ఇచ్చేయండి."

తాంబూలంతో సహా పక్కింటి సుందరమ్మగారికి ఇచ్చాం.

"ఇదేమిటమ్మా?" అన్నారావిడ.

"మా మామగారండీ. ఇంకా గట్టిగానే ఉన్నారు. కాదనకండి."

మూడోరోజున కుర్చీ ఒక చేత్తో, మామగారిని ఒక చేత్తో పట్టుకుని ఆవిడ వచ్చేశారు. "రోజుకి ఆరుసార్లు కాఫీ అడుగుతున్నారు తల్లీ. తీసేసుకో, నీకు పుణ్యముంటుంది."

"కాఫీ అడగడం పనే కదా! అంటే నాన్న పనిచేస్తున్నట్టే," అని మావారు సంబరపడ్డారు. ఆనాటినుంచి మామగారికి ఖాళీగా ఉండాలంటే భయం. గంటకోసారి కాఫీ అడిగేవారు. నేను కాస్తూనే ఉన్నాను. వంటిల్లంతా కాఫీ మరకలే.

"ఇంట్లో మనం తిరగబట్టే కదా ఇల్లు పాడవుతోంది," అన్నాను. నాకు అప్పుడప్పుడు అలాంటి ఆలోచనలు వస్తాయి. అంతే, ఇల్లంతా కడిగాం, డబ్బాలు తోమాం, చీమలకి దణ్ణం పెట్టి పెరట్లోకి సాగనంపాం. మావారు గదిగదికీ ఏమేం ఉన్నాయో పెద్దత్తయ్య సర్దిన రోజు గుర్తుచేసుకుని, ఇచ్చేసిన గొడుగులు మినహా, కాగితం మీద రాశారు. అందులో ఉన్నట్టే అన్నీ పెట్టి, తాళం వేసి, పెరట్లో ఖాళీగా పడున్న పశువులపాకలోకి మారిపోయాం.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. పాక కారింది. గొడుగులు లేవు. మామగారు తలమీద పళ్ళెం పెట్టుకుని కాఫీ అడిగేవారు. "స్వామికోసం ఈమాత్రం తడవలేమా," అనుకున్నాం.

శ్రావణంలో పెద్దత్తయ్య వచ్చారు. తాళం తీశాం. ఆవిడ గదిగదీ తిరిగి, గడపమీద వేలు రాసి చూసుకున్నారు. కళ్ళు చెమర్చాయి.

"అచ్చం నేను సర్దినట్టే ఉందే అమ్మాయ్! మిమ్మల్ని వెర్రివాళ్ళనుకున్నాను. నాదే పొరపాటు."

కొంగుముడి విప్పి స్వామిని మందిరంలో కూర్చోబెట్టారు. నైవేద్యం పెట్టి, "ఇంక స్వామి పడుకుంటాడు," అని పూజగది తలుపులు దగ్గరగా వేసి, తనూ ఓ కునుకు తీశారు. నాకు ఆనందంతో కాళ్ళు నేలమీద నిలవలేదు.

అప్పుడు మావారు కాగితం తెచ్చారు. "ఆవిడ లేచేలోగా చివరిసారి సరిచూసుకుందాం." అన్ని గదులూ సరిపోయాయి. చప్పుడు కాకుండా పూజగది తలుపులు తీశాం. "కుందులు రెండు. గంట ఒకటి. హారతి పళ్ళెం ఒకటి..." చదువుతూ ఆయన ఆగిపోయారు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టారు.

"ఏమైందండీ?"

"ఒకటి ఎక్కువుంది. ఆవేళ మందిరంలో ఎవరూ లేరు."

"ఇల్లు ఆవేళ ఉన్నట్టే ఉండకపోతే స్వామిని ఇవ్వనందిగా అత్త!" అన్నాడు చయనులు.

ఏడాది కష్టం! ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా స్వామిని కళ్ళకద్దుకుని, పట్టుగుడ్డలో చుట్టి, తలుపులు మళ్ళీ మూసి, పెద్దత్తయ్య సంచీ అడుగున దాచేశాను.

ఆవిడ లేచి, మూసిన తలుపులకే దణ్ణం పెట్టుకుని, సంచీ పుచ్చుకుని, మమ్మల్ని పదేపదే దీవించి సాయంత్రం బస్సెక్కారు. బస్సు మలుపు తిరిగేదాకా నలుగురం చేతులూపాం.

ఇంటికొచ్చి నేను స్నానం చేసి, మందిరంలో దీపం వెలిగించి చేతులు జోడించాను.

"స్వామీ, ఇల్లు ఎంత చక్కగా ఉంచామో చూశావుగా. ఇంక ఆలస్యమెందుకు, వచ్చేయవయ్యా."