ఎడమ మూల నుంచి పగిలిన దిమ్మెలు

యోహాను మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. “రేపు నాకు ఒక పని ఉంది, తోడు రా” అంటారు. ఆ పనికీ మనం అడిగినదానికీ సంబంధం ఉంటుందో లేదో ఆయనకే తెలియదని మాలో కొందరి అనుమానం. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళుగా సివిల్ పాఠాలు చెబుతున్న ఆ మనిషి ఇంటి అరుగు మీద రోజూ సాయంత్రం మేం ఆరేడుగురం చేరేవాళ్ళం. పుస్తకాలు చదివేవాళ్ళం, వాదించుకునేవాళ్ళం, వారానికి ఒకసారైనా దేశాన్ని కూలదోసి మళ్ళీ కట్టేవాళ్ళం.

ఒక సాయంత్రం మాలో చిన్నవాడు లోహిత్ ఆయన్ని అడిగాడు. “మాస్టారూ, ఇంజనీరింగా, హోటల్ మేనేజ్‌మెంటా? రేపు సాయంత్రం ఐదింటికి గడువు. కంప్యూటర్లో ఒకటి నొక్కితే రెండోది పోయినట్టే.”

లోహిత్ ఇంటర్ పాసయ్యాడు. హైవే మీద కొత్తగా అద్దాల మేడ కట్టిన ప్రైవేటు కళాశాలలో సివిల్ సీటు వచ్చే ర్యాంకు ఉంది. మరోపక్క వేరే ఊళ్ళోని హోటల్ మేనేజ్‌మెంటు ఇన్‌స్టిట్యూట్‌లో సీటు వచ్చి కూర్చుంది. వాడికి వంట అంటే ప్రాణం. వాళ్ళ నాన్న టైలరు, పేరు పాండురంగం. ఆయన తీర్పు అప్పటికే ఇచ్చేశాడు: “ఇంజనీరంటే ఎక్కడికెళ్ళినా కుర్చీ వేస్తార్రా. హోటల్ చదువంటే ఆ కుర్చీ తుడవమంటారు.” నిజం చెప్పాలంటే మేమూ అంతకంటే గొప్పగా ఏమీ చెప్పలేదు. కాస్త పెద్ద మాటల్లో చెప్పామంతే. ఇంజనీరు దేశాన్ని నిర్మిస్తాడనీ, హోటలు చదువు ఉన్నవాడి బల్ల ముందు లేనివాడికి వంగడం నేర్పే చదువనీ, శ్రమజీవి బిడ్డ వంగడానికి పుట్టలేదనీ నేనే అరుగు దద్దరిల్లేలా ఉపన్యాసమిచ్చాను. లోహిత్ తల వంచుకుని విన్నాడు.

మాస్టారు అలవాటు తప్పలేదు. “రేపు నాకు ఆ హైవే కాలేజీలోనే డిప్లొమా పిల్లల ప్రాక్టికల్ పరీక్ష ఉంది. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా, నన్ను వేశారు. చేతికి ఈ కట్టు ఉంది కదా, మార్కులు రాసే మనిషిని తెచ్చుకుంటానని ప్రిన్సిపాల్‌కి చెప్పాను. నువ్వు రా” అని, నా వైపు తిరిగి, “నువ్వూ రావయ్యా, నిర్మాణం చూద్దువుగాని” అన్నారు. స్కూటరు మీద నుంచి జారి పడి ఆయన కుడి మణికట్టు విరిగి అప్పటికి పది రోజులు.

మర్నాడు తొమ్మిదింటికల్లా అక్కడున్నాం. సివిల్ విభాగం హెచ్‌ఓడీ గుమ్మం దాకా ఎదురొచ్చి, కూల్‌డ్రింకు ఇచ్చి, ఒక రిజిస్టరు తెచ్చి మాస్టారి ముందు గర్వంగా పరిచాడు. “బయటి పనులకు కూడా మా ల్యాబ్‌లోనే పరీక్షలు చేస్తాం సార్. కాంట్రాక్టర్లందరూ మా రిపోర్టే అడుగుతారు.” ఎక్కడైనా కాంక్రీటు పోసేటప్పుడు అదే మిశ్రమంతో జానెడేసి దిమ్మెలు కొన్ని పోసి పెడతారు. ఇరవై ఎనిమిదో రోజున వాటిని ల్యాబుకు పంపితే, మిషన్‌లో పెట్టి నలగగొట్టి, ఎంత ఒత్తిడికి పగిలిందో రాసిస్తారు. ఆ అంకెను నమ్మి పైఅంతస్తు లేపుతారు. రిజిస్టరులో చివరి పేజీలో ఉన్నది మా మండలంలో కట్టిన బాలికల వసతి గృహం. రెండో అంతస్తు కప్పు. ఉత్తీర్ణం అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఉంది. ఆడపిల్లలు అందులోకి మారి నెల దాటింది. ప్రారంభోత్సవం నాడు గేటు బయట నిలబడి విద్యాహక్కు నినాదాలు ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తరువాత విద్యార్థుల రికార్డులు తెచ్చారు. అరవై పుస్తకాలు, అన్నింటికీ ఒకే రంగు అట్టలు. మాస్టారు చెప్పినట్టు లోహిత్ ఒక్కొక్కటి తెరిచి దిమ్మె పగిలిన అంకెను పైకి చదువుతున్నాడు. పదో పుస్తకం దగ్గర వాడి గొంతు నెమ్మదించింది. ఇరవయ్యోదాని దగ్గర ఆగిపోయాడు.

“ఏంట్రా?”

“బొమ్మలు మాస్టారూ. పగిలిన దిమ్మె బొమ్మ వేశారు కదా. అందరి దిమ్మెలూ ఎడమ పక్క పై మూల నుంచే పగిలాయి.”

మిగతా నలభై కూడా తిరగేశాం. అరవై దిమ్మెలూ ఎడమ మూల నుంచే పగిలాయి. పగులు మధ్యలో ఉన్న చిన్న వంపు కూడా అరవై చోట్లా అక్కడే ఉంది. హెచ్‌ఓడీ నవ్వాడు. “సీనియర్ల రికార్డు చూసి వేస్తారు సార్, పిల్లలు కదా. రాత మాత్రం ముత్యాలు.” మాస్టారు లేచి ల్యాబులోకి నడిచి, ముందు వరుసలో ఉన్న కుర్రాణ్ణి పిలిచి, “ఒక దిమ్మె నలగగొట్టి చూపించు నాయనా” అన్నారు. వాడు పక్కవాణ్ణి చూశాడు. పక్కవాడు నేల చూశాడు. చివరికి మూలన నిలబడ్డ ల్యాబ్ అసిస్టెంటు గురవయ్య గొంతు సవరించుకుని, “మోటారు కాలిపోయి రెండేళ్ళయింది సార్” అన్నాడు.

మిషన్‌కి తొడిగిన ప్లాస్టిక్ ముసుగు మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆ దుమ్ములో ఎవరో వేలితో తమ హీరో పేరు రాసుకున్నారు. రెండేళ్ళు! రికార్డులు సరే, దొంగ చదువులు ఈ దేశానికి కొత్త కాదు. కానీ ఆ రిజిస్టరు? ఆ కప్పు? నేను ఇన్నాళ్ళూ నోరారా పలికిన ‘నిర్మాణం’ అనే మాట నాకే ఎదురు తిరిగింది. లోహిత్ వాళ్ళ బాబాయి కూతురు ఆ వసతి గృహంలోనే తొమ్మిదో తరగతి చదువుతోందని అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, గోడకు ఆనుకున్నాడు.

“ముందు భోజనం కానివ్వండి సార్, తరవాత మాట్లాడుకుందాం” అంటూ హెచ్‌ఓడీ దారి తీశాడు. నేను రానన్నాను. మాస్టారు నా భుజం మీద ఎడమ చెయ్యి వేసి, “వండినవాళ్ళేం చేశారయ్యా” అన్నారు. ఆ యాజమాన్యానికే ఒక హోటల్ మేనేజ్‌మెంటు కాలేజీ కూడా ఉంది, అదే ఆవరణలో. ఎక్స్‌టర్నల్ వస్తే అక్కడి పిల్లలు వండి వడ్డించడం వాళ్ళ ఆనవాయితీ. వడ్డనకు కూడా మార్కులుంటాయి కాబట్టి వాళ్ళ అధ్యాపకుడు మార్కుల కాగితం తగిలించిన అట్ట పట్టుకుని పక్కనే నిలబడతాడు. తెల్ల కోట్లు, తెల్ల టోపీలు, బల్ల మీద కమలాల్లా మడిచిన గుడ్డలు. అంత కలతలోనూ లోహిత్ చూపు ఆ మడతల మీదే ఉండడం గమనించాను.

వంజరం చేప వేపుడు తెచ్చి పెట్టిన అమ్మాయి కోటు మీద షమీమ్ అని పేరుంది. మాస్టారు ఎడమ చేత్తో చెంచా పట్టుకుని, కాస్త తంటాలు పడి ఒక ముక్క తుంచి, నోటి దాకా తెచ్చారు. ఆ అమ్మాయి వెళ్ళబోయేదల్లా వెనక్కి తిరిగి, ఆయన ముందున్న ప్లేటును రెండు చేతులతో లాగేసింది. చెంచా ఆయన చేతిలోంచి జారి గచ్చు మీద మోగింది.

తింటున్న మనిషి ముందు నుంచి కంచం లాగడం! పగవాడికి కూడా మన వాళ్ళెవరూ చేయని పని అది. మాతో భోజనానికి కూర్చున్న ప్రిన్సిపాల్ లేచి నిలబడ్డాడు. అట్ట పట్టుకున్న అధ్యాపకుడు, “ఏయ్ షమీమ్, మతి గాని పోయిందా?” అని అరిచాడు.

“తినకండి సార్” అంది ఆ అమ్మాయి. ప్లేటు మాత్రం వదల్లేదు. “ఫ్రిజ్ పొద్దుటి నుంచి పనిచెయ్యట్లేదు. చేప వాసన మారింది. నిమ్మకాయా మసాలా దట్టించి వేపేశాం.”

“అబద్ధం సార్!” అధ్యాపకుడు గోడకు తగిలించిన చార్టు పీకి తెచ్చాడు. రెండు గంటలకొకసారి ఫ్రిజ్ చల్లదనం చూసి రాయాల్సిన చార్టు అది. “చూడండి, తొమ్మిదింటికి నాలుగు డిగ్రీలు, పదకొండింటికి నాలుగు డిగ్రీలు, ఒంటిగంటకి నాలుగు...”

“మూడింటికి కూడా నాలుగే ఉంది సార్” అన్నాడు లోహిత్ తొంగిచూసి. గోడ గడియారంలో అప్పుడు ఒంటిగంటన్నర.

“నేనే రాశాను” అంది షమీమ్. “పొద్దున రాగానే ఐదింటి దాకా రాసేస్తాం. ఎవరి వంతు వచ్చినా అంతే. ఫ్రిజ్ తలుపు తీసి చూడం.” వెనక వరుసలోంచి ఎవరో ఆడపిల్ల, “నోరు ముయ్యవే, అందరినీ ముంచుతావా” అని పళ్ళ బిగువున అనడం మా అందరికీ వినబడింది. అధ్యాపకుడు ఆమె పేరు ఎదురుగా సున్నా చుట్టాడు. పెన్ను గీసిన చప్పుడు కూడా వినబడింది.

మాస్టారు ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచారు. “ఏమ్మా, పొద్దున్నే అబద్ధం రాసినదానివి, వేపేటప్పుడు ఊరుకున్నదానివి, తెచ్చి నా ముందు పెట్టినదానివి. ఇప్పుడెందుకు చెప్పావు?”

షమీమ్ మెప్పు కోసం జవాబు వెతుకుతున్న మనిషిలా లేదు. తనకే తెలియక తడుముకుంటున్నట్టుంది.

“మీరు నోరు తెరిచారు సార్” అంది.

ఆ తరువాత ఎవరూ తినలేదు. ల్యాబుకు తిరిగి వచ్చాక మాస్టారు పరీక్ష ఆపి, సాంకేతిక విద్యా బోర్డుకు ఒకటి, కలెక్టరుకు ఒకటి ఉత్తరాలు చెప్పడం మొదలుపెట్టారు. కలెక్టరుకు రాసేది వసతి గృహం గురించి: పిల్లల్ని ఇవాళే ఆ మేడలోంచి దింపించమనీ, కప్పును మళ్ళీ పరీక్ష చేయించమనీ. లోహిత్ రాస్తున్నాడు. హెచ్‌ఓడీ ముందు బతిమాలాడు, తరవాత బెదిరించాడు, చివరికి లోహిత్ పక్కకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “బాబూ, నీ ర్యాంకుకు మా సివిల్‌లోనే సీటు వస్తుందటగా, నువ్వే అన్నావని గురవయ్య చెప్పాడు. నాలుగేళ్ళు మా దగ్గరే ఉండాలి. అందరూ చేసేదేనమ్మా ఇది. కాస్త మాస్టారికి నువ్వైనా చెప్పు.” పెన్ను ఆగింది. కాగితం మీద ‘రెండో అంతస్తు’ అన్న మాట దగ్గర సిరా చుక్క పెద్దదవుతూ కనిపించింది. మాస్టారు వాడి వైపు చూడలేదు, తొందరపెట్టలేదు, కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డారు. కొంతసేపటికి లోహిత్ ఆ చుక్క పక్క నుంచే ‘కప్పు’ అని రాశాడు.

ఆ ఉత్తరాన్ని కలెక్టరాఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని, బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకు చేరేసరికి నాలుగూ నలభై. కంప్యూటరు మీద రెండు పేజీలూ తెరిచి ఉన్నాయి. లోహిత్ మౌసు అందుకుని, “హోటల్ మేనేజ్‌మెంటే మాస్టారూ, తేలిపోయింది. ఆ చదువులో నిజముంది” అన్నాడు. నేనూ వంత పాడాను. దొంగ అంకెల మీద దేశాన్ని నిలబెట్టేవాళ్ళ కంటే అన్నం పెట్టే చెయ్యి వెయ్యి రెట్లు గొప్పదని, నిన్నటి ఉపన్యాసాన్నే బొర్లించి మళ్ళీ ఇచ్చాను. నెట్ సెంటరు వాడు తల తిప్పి చూశాడు.

“అక్కడా చార్టు రాశారు కదరా” అన్నారు మాస్టారు.

లోహిత్ చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. “అయితే ఇంజనీరింగా?”

మాస్టారు మెడలో వేలాడుతున్న కట్టు చేతిని సర్దుకుని, స్టూలు మీద వాడి పక్కన కూర్చున్నారు.

“ఆ పిల్లకి నేను ఎదురుగా కూర్చుని కనిపించాను. కప్పు కింద పడుకునేవాళ్ళు దానికి సంతకం పెట్టేవాడికి అలా కనిపించరు. నీకు చూపు ఎంత దూరం ఆనుతుందో నాకేం తెలుసు? నొక్కు.”