నూకాలు రాయించిన పేర్లు

ఒక ఏటిగట్టు రాజ్యంలో రాజుగారి పెద్ద పడవ ఆరు నెలలుగా ఒడ్డునే పడి ఉంది. వరద వచ్చేలోగా అది నీళ్లలో దిగకపోతే ఏటి నడుమ ఉన్న లంక ఊళ్లకు గింజ అందదు. మంత్రి కేశవయ్య రోజుకు మూడుసార్లు భటుల్ని పంపేవాడు గానీ, తను ఒక్కసారీ ఒడ్డుకు వచ్చింది లేదు. కమ్మరీ, తాళ్లు పేనేవాడూ ఒకటే జవాబు చెప్పేవారు: "రేపు."

నీళ్లు చొరకుండా పడవకు గుగ్గిలం పూసే నూకాలు లంక మనిషి. ఆమె మంత్రి దగ్గరికే వెళ్లింది. "ఎవరినీ ఒక్క మాట అడక్కుండా పది రోజుల్లో పని పూర్తి చేయిస్తాను" అంది.

"అడిగావో, కొరడా దెబ్బలే!" అన్నాడు మంత్రి.

నూకాలు పడవలో పని ఆగిన చోటల్లా సున్నంతో రాయించింది. "ఇక్కడ వీరాచారి మేకులు." "ఇక్కడ పోతయ్య తాళ్లు." నీళ్లకొచ్చినవాళ్లు అవి చదివి, ఖాళీలు చూసి నవ్వుకున్నారు. మూడోనాడు కమ్మరి వీరాచారి మేకుల బుట్టతో వచ్చాడు. పని ముగించి, తల్లిని పిలుచుకొచ్చి తన పేరు చూపించుకున్నాడు. ఆ వెనకే పోతయ్యా వచ్చాడు.

పదోనాడు రాజుగారు వచ్చారు. తెరచాప ఒక్కటే లేదు.

"అది ఎవరి పని?" అన్నారు.

నూకాలు తలెత్తి తెరచాప కొయ్య వైపు చెయ్యి చూపింది. "ఇక్కడ మంత్రిగారి కొట్లో ఉన్న తెరచాప" అని ఉంది.

సాయంత్రానికల్లా తెరచాప ఎగిరింది.

"నాతో ముందే ఒక మాట అనొచ్చుగా?" అని గొణిగాడు, తెరచాప వెంట మొదటిసారి ఒడ్డుకు వచ్చిన మంత్రి.

"అడిగితే కొరడా దెబ్బలన్నారు కదండీ" అంది నూకాలు, పడవెక్కుతూ.